తెల్లకోటు కోసం తన్నిన గోల్

తాగి గొప్పలు చెప్పుకునేవాణ్ణి ఎలాగోలా భరించొచ్చు, మర్నాటికి దిగిపోతుంది. జాబెజ్ ట్రెంబత్‌తో ఆ వీలు లేదు. ఆయన మెథడిస్టు చర్చి మనిషి, బీరు వాసన కూడా పడదు. అల్లం సోడా తాగి అన్నేసి కోతలు కోస్తాడు. మా స్టోనీ గల్లీ ఊళ్ళో ఆయన నోటికి ఇరవయ్యేళ్ళుగా సెలవన్నది లేదు.

ఆ శనివారం పొద్దున మేమంతా క్విర్కమ్మ హోటలు వరండాలో చేరాం. మధ్యాహ్నం మార్లో ఫ్లాట్ ఊరి జట్టుతో ఫుట్‌బాల్ ఫైనల్, చేత్తో పట్టి కాలితో తన్నే మా ఆస్ట్రేలియా రకం. మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు మా ఊరు ఫైనల్‌కి వచ్చింది, మళ్ళీ ఇప్పుడు వచ్చింది. ఈలోగా అది పెద్దదై శనివారం డాన్సులకి పోతోంది. అందుకని ఊళ్ళో ఎవరికీ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

దానికితోడు మా తరఫున గోల్ కర్రల దగ్గర నిలబడే అంపైరు ఏబెల్ స్టోక్స్‌కి గవదబిళ్ళలు లేచాయి. రెండు దవడలూ వాచిపోయి మనిషి మంచం దిగడంలేదు. ఆయన తెల్లకోటూ రెండు జెండాలూ వరండాలో బల్లమీద పెట్టున్నాయి. బంతి కర్రల మధ్యనుంచి పోతే రెండు జెండాలూ ఊపాలి, అది గోల్, ఆరు పాయింట్లు. పక్కనుంచి పోతే ఒక్క జెండా, దాన్ని బిహైండ్ అంటాం, ఒక్క పాయింటు. పని అంతే. కానీ ఒక్క జెండా తేడా వచ్చిందంటే మైదానంలో తలలు పగుల్తాయి.

కోటు ఎవరికివ్వాలో చెప్పాల్సింది కెప్టెన్ నెడ్. క్విర్కమ్మ కొడుకే. బంతి చేతిలో ఉంటే పులి, పెద్దవాళ్ళెవరైనా ఎదురుగా ఉంటే పిల్లి. ఆ బలహీనత కనిపెట్టే ట్రెంబత్ అందరికంటే ముందొచ్చి కోటు పక్క కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని, కోటు చెయ్యి నిమురుతున్నాడు.

"చూడండీ, సొంత డబ్బా కొట్టుకోవడం నాకు చేతకాదు," అన్నాడు.

ఆ మాటతో మొదలుపెట్టాడంటే ఇక ఎవరూ లేవడానికుండదు. నేను కుర్చీ నీడలోకి లాక్కున్నాను. క్విర్కమ్మ మెట్టుమీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది, తలెత్తలేదు.

"నాకు ఇరవయ్యేళ్ళప్పుడు ఈ ఊరి తరఫున ఆడాను. పెద్ద ఆటగాణ్ణేం కాదు. ఇదే మార్లో ఫ్లాట్ మీద గాల్లో ఒక బంతి పట్టాను, ఒక గోల్ కొట్టాను. అది ఎవడైనా చేస్తాడు. కాకపోతే ఆ కర్రల్ని నా అంత దగ్గర్నుంచి చూసినవాడు ఇప్పుడు ఊళ్ళో మిగల్లేదు కదా, ఆ సంగతి నెడ్ బాబు చెవిన వేద్దామని."

"ఒక్క గోలేనా? క్రిస్మస్‌కి చెప్పినప్పుడు నాలుగున్నాయే," అన్నాడు డిన్నీ. డిన్నీ హాలహాన్ గుర్రాలకి లాడాలు కొడతాడు. ట్రెంబత్ నోరు తెరిచిన చోటల్లా డిన్నీ ఉంటాడు, పుండున్న చోట ఈగ ఉన్నట్టు.

"ఒరేయ్ డిన్నీ, నువ్వు గుర్రాల కాళ్ళు చూసుకో, నా కాలి సంగతి నాకొదిలెయ్. ఏం చెప్తున్నాను? ఆఁ, మైదానం. ఇప్పటిలా గడ్డి కోసి, గీతలు గీసి, చుట్టూ కంచె కట్టిన మైదానమా అది? హెఫర్నన్ గారి గొర్రెల బీడు. మధ్యలో జామాయిల్ చెట్లు, పాత బంగారు గని గోతులు, గొర్రెలు. ఎవడైనా గోతిలో పడితే ఆట ఆపే మర్యాద కూడా లేదు. మావాడొకడు, పాపం, ఆట మొదట్లోనే పడ్డాడు. కిందనుంచి దారి వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఆట చివర్లో ఇంకో గోతిలోంచి పైకొచ్చాడు. వచ్చేసరికి గడ్డం ఇంత పెరిగింది. ఎవడో మార్లో ఫ్లాట్ వాడనుకుని మేమే వాణ్ణి కింద పడేశాం."

"బాబాయ్, ఆ బంతి పట్టిన సంగతి..." అన్నాడు నెడ్ మెల్లిగా. మార్లో ఫ్లాట్ బండ్లు వచ్చేలోపు ఎవరో ఒకరి పేరు చెప్పాలని వాడి బాధ.

"అక్కడికే వస్తున్నానురా నాయనా. వాళ్ళకి ఆంగస్ మెక్‌ఫీ అని ఒకడుండేవాడు. మనిషి కాదు వాడు. వాడు మైదానంలో నిలబడితే గొర్రెలొచ్చి వాడి నీడలో పడుకునేవి. బంతి గాల్లో వస్తోంది. మెక్‌ఫీ కింద నిలబడి చేతులు చాపాడు. నేను వెనకనుంచి పరిగెత్తుకుంటూ వచ్చి ఒక కాలు వాడి నడుంమీద వేశాను, ఇంకో కాలు భుజంమీద వేశాను, ఇంకో కాలు వాడి టోపీ మీద వేశాను..."

"మూడో కాలెక్కడిది?" అన్నాడు డిన్నీ.

"మొదటిదే మళ్ళీ వేశాన్రా, నడుంమీద దానికి పనేముందింక? టోపీ మీంచి లేచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లేస్తూనే ఉన్నాను. బంతి అందింది, గుండెకి హత్తుకున్నాను, అయినా లేస్తూనే ఉన్నాను. చెట్ల చివళ్ళు దాటాను. అక్కణ్ణుంచి బల్లారట్ పట్నం గడియారస్తంభం కనిపించింది, చూసి నా గడియారం సరిచేసుకున్నాను. ఇంకాస్త పైకి పోతే మెల్‌బోర్న్ ఓడరేవు కనిపించింది. ఓడమీద ఎవరో పెద్దమనిషి టోపీ తీసి ఊపాడు. మర్యాదకి నేనూ ఊపాను."

"చేతుల్లో బంతి ఉండగా?" అంది క్విర్కమ్మ, దుంపమీంచి చూపు తిప్పకుండా.

"నోటితో ఊపానమ్మా. చేతులు ఖాళీ లేకపోతే మర్యాద మానేస్తామా?"

వరండా అంతా నవ్వింది. ట్రెంబత్ ఆ నవ్వులు తనకోసమే అనుకున్నాడు. నవ్వు మనమీదో మనకోసమో తెలియకపోవడం కూడా ఒక వరమే, రాత్రి హాయిగా నిద్రపడుతుంది.

"తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది," అన్నాడు డిన్నీ. "సరే, దిగావా లేదా?"

"దిగడానికి వీల్లేదు! అదే కదా ఇప్పటి కుర్రాళ్ళకి తెలియంది. అప్పట్లో అంపైరా పాడా? ఇద్దరు కెప్టెన్లూ నిలబడి వాదించుకుని తేల్చుకోవాలి. పట్టాడంటాడు మావాడు. పట్టలేదు, మెక్‌ఫీని తోశాడంటాడు వాళ్ళవాడు. అది తేలకుండా నేను కిందకి దిగాననుకో, తప్పు ఒప్పుకున్నట్టే. అంచేత పైనే ఉన్నాను. వాళ్ళు గంటల తరబడి వాదించారు. నాకు ఆకలేసింది. జేబులో మా ఆవిడ పెట్టిన పేస్టీ ఉంది, మాంసం, దుంప, ఉల్లిపాయ కూరి చేసింది. అది తిన్నాను."

"అప్పటికి నీకు పెళ్ళెక్కడయింది పెద్దాయనా?"

"కాబోయే ఆవిడ పెట్టింది. పెట్టబట్టే చేసుకున్నాను. మధ్యలో మాట అడ్డుపెట్టకు. చివరికి పేస్టీ ముక్క ఒకటి జారి వాళ్ళ కెప్టెన్ నెత్తిన పడింది. వాడు నోట్లో వేసుకుని చూశాడు. చూసి, 'పట్టాడులే, ఒప్పుకున్నాను, రుచి బాగుంది' అన్నాడు. అప్పుడు దిగాను."

ట్రెంబత్ సోడా ఒక గుక్క తాగాడు. తాగుతున్నప్పుడు కూడా రెండో చెయ్యి కోటు వదల్లేదు. మా వెనక బెంచీమీద గని మనుషులు కొందరు చేరారు. ఆటగాడు దిగినందుకు వాళ్ళలో ఒకడు చప్పట్లు కొట్టాడు.

"గాల్లో బంతి పట్టినవాడికి ఎవరూ అడ్డురాని తన్ను ఒకటి దక్కుతుంది కదా, ఇప్పుడు నేను బంతిని నేలమీద పెట్టి తన్నాలి. బంతి నిలబడాలంటే మడమతో చిన్న గొయ్యి చెయ్యాలి కదా. మడమతో ఇలా ఒక్క పోటు పొడిచాను. ఏదో గట్టిగా తగిలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చూద్దునుగదా, బంగారం! గొర్రె తలకాయంత ముద్ద!"

వరండాలో నవ్వు ఆగిపోయింది. మా ఊళ్ళో ఎంత కోతయినా నవ్వుతాం గానీ బంగారం మాటొస్తే ఒక్క క్షణం ప్రతివాడికీ అనుమానమే. డిన్నీ కూడా ముందుకి వంగాడు.

"ఎక్కడ?"

"ఏం, పార తెచ్చుకుంటావా? చెప్తే ఈ ఊరు మిగుల్తుందా? ఆట మధ్యలో బంగారమేంటని నేను మడమతోనే మట్టి కప్పేశాను. నాకు ఊరి పరువు ముఖ్యం. కానీ మార్లో ఫ్లాట్ వాడెవడో మెరుపు చూశాడు. 'బంగారం!' అని ఒక్క అరుపు అరిచాడు. అంతే, జట్టు జట్టంతా మోకాళ్ళమీద పడి చేతుల్తో మట్టి తవ్వడం మొదలెట్టారు. చూడ్డానికొచ్చిన జనం కంచెలు దాటి..."

"కంచె లేదన్నావ్."

"లేని కంచె దాటడం ఎంతసేపురా? వాళ్ళూ దిగారు. చర్చి ఫాదరు కూడా దిగాడు, పేరు చెప్పను, పోయినాయన. గోల్ కర్రలు పీకి గోతులకి ఊతం పెట్టారు. మా జట్టువాళ్ళు మాత్రం ఒక్కడు కదల్లేదు."

"అంత నిగ్రహమా?"

"అప్పటికే వాళ్ళు గోతుల్లో ఉన్నారు. సరే, నేనొక్కణ్ణే మిగిలాను. వాళ్ళనే బతిమాలి కర్రలు మళ్ళీ పాతించి, గుండెనిండా గాలి పీల్చి, తన్నాను. తన్నిన చప్పుడుకి జామాయిల్ చెట్ల బెరడు ఊడి పడింది. అప్పట్నుంచే ఆ చెట్లకి బెరడు ఊడే రోగం పట్టుకుంది, మీరు చూసే ఉంటారు. బంతి పోతోంది, పోతోంది, సూటిగా కర్రల మధ్యకి పోతోంది. ఇంతలో ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక కంగారూ అడ్డంగా ఎగిరింది. బంతి వచ్చి దాని పొట్టసంచిలో పడింది."

"అబ్బ!" అన్నాడు ఒక గని మనిషి. అతను ఊరికి కొత్త.

"అది పరుగు లంకించుకుంది. నేను వెంటపడ్డాను. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు మధ్యమధ్య నేలకి కొట్టాలని రూలుంది కదా? వాళ్ళ కెప్టెన్ గోతిలోంచి తల బైటపెట్టి, 'ఆ కంగారూ బంతిని నేలకి కొట్టడంలేదు, ఆట ఆపండి' అని అరిచాడు. 'కళ్ళు తెరిచి చూడు, తనే ఎగిరెగిరి నేలకి తగుల్తోంది, ఇంకేం కొట్టాలి?' అన్నాను. వాడు నోరు మూసుకుని మళ్ళీ గోతిలోకి పోయాడు. రూల్స్ తెలియాలండీ. రూల్స్ తెలిస్తే కంగారూనైనా గెలిపించొచ్చు."

"ఇంతకీ ఆ కంగారూ ఎవరి జట్టు బాబాయ్?" అన్నాడు నెడ్. పాపం వాడు కూడా నవ్వుతున్నాడు.

"అదేం ప్రశ్నరా? ఎర్ర కంగారూ! మన బనీను రంగు! మన జట్టు కాకపోతే ఎవరి జట్టు? తోక పట్టుకున్నాను. అది నన్నీడ్చుకుంటూ కొండ చుట్టూ తిరిగింది, ఏరు దాటించింది, వాళ్ళ మార్లో ఫ్లాట్ బజార్లోంచి పోయింది. అక్కడి ఆడవాళ్ళు కిటికీల్లోంచి నన్ను చూసి రుమాళ్ళు ఊపారు, ఏం చేస్తాం. తిరిగి తిరిగి అది కర్రల ముందుకొచ్చింది. చేత్తో విసిరితే గోల్ కాదు, కాలితో తన్నాలి. చెవిలో చెప్పాను. అది సంచిలోంచి బంతి తీసి, ముందుకాళ్ళతో వదిలి, వెనకకాలితో తన్నింది. గోల్!"

"మరి గోల్ కంగారూది కదా!" డిన్నీ తొడ చరిచాడు. "నువ్వు కొట్టానన్నావ్!"

"చెప్పింది నేను కదరా! కెప్టెన్ చెప్తే ఆటగాడు కొడితే ఎవరి తెలివి?"

మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అంటారు. ట్రెంబత్ కాళ్ళ సంగతి మాకు తెలుసు. చర్చి మెట్లెక్కడానికి ఆయన మధ్యలో ఆగి రెండుసార్లు దేవుణ్ణి తలుచుకుంటాడు. అయినా ఆ పొద్దున ఆయన చెప్తుంటే జనం కదల్లేదు. ఫైనల్ భయం పొట్టలో పెట్టుకుని కూర్చున్నవాళ్ళకి ఆయన కోతలు కాస్త ఊపిరి తీసుకోనిచ్చాయి, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఆ నవ్వుల మధ్య నెడ్ కోటువైపు చూడటం ట్రెంబత్ పట్టేశాడు. వెంటనే గొంతు మార్చాడు. పెళ్ళికెళ్ళిన గొంతు పోయి చర్చి గొంతు వచ్చింది.

"నవ్వులకేం గానీ నెడ్ బాబూ, చెప్పాల్సింది ఇప్పుడు చెప్తాను. నీకు కావలసింది బలం కాదు, నిజాయితీ. జెండా పట్టేవాడికి అదే కావాలి. ఆ రోజు పొద్దుగూకే వేళకి వాళ్ళదొక గోల్, మనదొక గోల్. సమానం. వెలుతురు పోతోంది. ఆఖరి తన్ను నాది. కాలు విరిగింది..."

"ఎప్పుడు?"

"కంగారూ తొక్కింది, చెప్పలేదా? విరిగిన కాలితోనే తన్నాను. బంతి కర్ర పక్కనుంచి, ఇదిగో ఇంత పక్కనుంచి పోయింది. చీకట్లో ఎవరికీ కనపళ్ళేదు. వాళ్ళ కెప్టెన్ దిగాలుగా, 'గోల్, మీరే గెలిచారు' అని టోపీ కింద పడేశాడు. మనవాళ్ళు నన్ను భుజాలమీదికెత్తారు. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? భుజాలమీంచి అరిచాను. 'ఆగండి! దేవుడు చూస్తున్నాడు! అది గోల్ కాదు, పక్కకి పోయింది. నాకు దొంగ గోల్ వద్దు. బిహైండ్! ఒక్క పాయింటు చాలు!' అన్నాను. శత్రువులు కూడా కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఒక్క పాయింటుతో, నిజాయితీగా, ఆ ఆట గెలిచాం. అలాంటివాడి చేతిలో జెండా ఉంటే నీకు భయమేంటి నాయనా?"

కొత్త గని మనిషి టోపీ తీశాడు. నెడ్ లేచి, కోటు ఎత్తి ట్రెంబత్ చేతిలో పెట్టాడు. ఆయన ఒక చెయ్యి తొడిగేసుకున్నాడు కూడా.

క్విర్కమ్మ కత్తి పక్కన పెట్టింది.

"ఎంతతో గెలిచావన్నావు?"

"ఒక్క పాయింటుతోనమ్మా."

"బిహైండ్‌కి వచ్చిన పాయింటు."

"అదే కదా చెప్తున్నది."

"ట్రెంబత్, బిహైండ్‌కి పాయింటివ్వడం నిన్నగాక మొన్న వచ్చింది. నా కొడుకు మొదటిసారి బనీను తొడుక్కున్న ఏడు కూడా లేదు. మన రోజుల్లో గోల్ ఒక్కటే లెక్క. పక్కకి పోయిందంటే తన్నినా ఒకటే, తన్నకపోయినా ఒకటే. ఆ బీడులో ఒక్క పూట ఆడినవాడెవడూ అది మర్చిపోడు."

డిన్నీ ఎగిరి గంతేశాడు. "మరే! పాయింటెక్కడిది? నాకెందుకు తట్టలేదు!" కంగారూ దగ్గరా బంగారం దగ్గరా ఎగిరిన డిన్నీ అసలు దొంగతనం దగ్గర నిద్రపోయాడు. మేమూ నిద్రపోయాం.

"అది... మన జిల్లాలో ముందునుంచే అలా..." అన్నాడు ట్రెంబత్.

"ముందునుంచే ఉంటే మా టామ్ అలా పోయేవాడు కాదు," అంది క్విర్కమ్మ. నెడ్ తలొంచుకున్నాడు. టామ్ వాడి నాన్న. "ఆడినన్నాళ్ళూ ఆయన తన్నినవన్నీ పక్కకే పోయాయి. జానెడు ఇటు, జానెడు అటు. వాటికి తలా ఒక పాయింటు ఇచ్చుంటే ఈ జిల్లాలో ఆయన్ని మించినవాడు లేడు. రూలు మారే ముందేడు పోయాడు. ఒక్కటి లోపలికి పోయిందని చెప్పుకున్నా ఎవరు కాదంటారు? చీకట్లో ఆడిన ఆటలెన్ని లేవు? ఒక్కసారి చెప్పుకోలేదు. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ, 'మళ్ళీ పక్కకే పోయిందే' అనేవాడు. నాకు ఏడుపొచ్చేది."

ఇంక డిన్నీ కూడా నవ్వలేదు.

ట్రెంబత్ రెండో చెయ్యి తొడగలేదు, మొదటి చెయ్యి తియ్యనూ లేదు. "నేను మన ఊరికోసమే కదమ్మా అడుగుతోంది," అన్నాడు. ఇప్పుడా గొంతులో చర్చీ లేదు, పెళ్ళీ లేదు. "అనుమానం వచ్చిందంటే మనవైపే ఊపుతాను. అంతకంటే ఏం కావాలి?"

"అదే నా భయం," అంది క్విర్కమ్మ. "ఇవాళ నా కొడుకు నిజంగానే గోల్ కొడతాడు. నువ్వు రెండు జెండాలూ ఊపుతావు. మార్లో ఫ్లాట్ వాళ్ళ సంగతి సరే, మనవాళ్ళే 'నిజంగా పోయిందా?' అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. కోటు ఇలా ఇవ్వు."